గడ్డ ఉంది, క్యాన్సర్ కాదు... మరేమిటి?

రొమ్ములో చేతికి తగిలే గడ్డల్లో ఎక్కువ భాగం ప్రాణం మీదికి తెచ్చేవి కావు. అలాగని అన్నీ ఒకటే కాదు. కొన్నిటికి మందు కావాలి, కొన్నిటికి సూది చాలు, కొన్నిటిని ముట్టుకోకుండా వదిలేయడమే వైద్యం. ఏది ఏదో తేలకుండా దాచుకున్నా నష్టమే, కోయించుకున్నా నష్టమే.

స్కానింగ్ సెంటర్లో పేరు పిలిచి కవరు చేతిలో పెడతారు. లోపల నాలుగైదు లైన్ల ఇంగ్లీషు, చివర్లో ‘బై-రాడ్స్ 3’ అని ఒక అంకె. రిపోర్టు చూడాల్సిన డాక్టరమ్మ సాయంత్రం ఆరైతే గానీ రారు. ఈలోగా ఆటోలోనే కూతురు ఫోన్ తీసి ఆ ముక్కలు వెతుకుతుంది. కనపడే ప్రతి రెండో వాక్యంలోనూ క్యాన్సర్ అనే మాటే. తల్లికి కడుపులో దేవినట్టవుతుంది. సాయంత్రం డాక్టరమ్మ కవరు తెరిచి, ఓసారి చూసి, “ఏం లేదమ్మా, క్యాన్సర్ కాదు, వెళ్లిరండి” అంటారు. పోయిన ప్రాణం లేచొస్తుంది. ఇంటికొచ్చి స్నానం చేస్తుంటే గడ్డ మళ్లీ చేతికి తగులుతుంది. క్యాన్సర్ కాదు సరే, మరి ఇదేమిటి?

భయం ఊరికే పుట్టింది కాదు. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి సుమారు 1.92 లక్షల మంది ఆడవాళ్లకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడుతోంది. ఆడవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో మొదటి స్థానం దానిదే. అందుకే పేపర్లు, టీవీలు, అక్టోబరులో గులాబీ రిబ్బన్ల సభలు అన్నీ దాని గురించే మాట్లాడతాయి. మాట్లాడాల్సిందే. కానీ రొమ్ము సమస్యతో సర్జన్ దగ్గరకు వెళ్లేవాళ్లలో ఎక్కువమందికి చివరికి తేలేది క్యాన్సర్ కాదు. మరి వీళ్లతో మాట్లాడేదెవరు? అత్తగారు, పక్కింటి పిన్ని, మందుల షాపు కుర్రాడు. డాక్టర్లు కూడా ‘కాదు’ అని చెప్పడంతో తమ పని అయిపోయిందనుకుంటారు. అవునో కాదో తేల్చడం సగం వైద్యమే. అది ఫలానా అని పేరు పెట్టి, దాని దారి ఏమిటో చెప్పడం మిగతా సగం. ఆ రెండో సగం అందనివాళ్లలో కొందరు అక్కర్లేని ఆపరేషన్లు చేయించుకుంటున్నారు. ఇంకొందరు అక్కర్లేని మందులు నెలల తరబడి మింగుతున్నారు.

జబ్బు కాదు, దారి తప్పిన ఎదుగుదల

శరీరంలో రొమ్మంత మారిపోయే అవయవం మరొకటి అరుదు. పదేళ్ల వయసులో మొగ్గ తొడుగుతుంది, ప్రతి నెలసరికీ కొంత ఉబ్బి తగ్గుతుంది, కాన్పుకి పాలకేంద్రమవుతుంది, ముట్లుడిగాక ముడుచుకుని కొవ్వుగా మిగులుతుంది. ఇన్ని మార్పుల్లో అక్కడక్కడా కొంచెం అటూఇటూ అవడం సహజం. బ్రిటన్‌లోని కార్డిఫ్‌కు చెందిన సర్జన్ హ్యూస్, ఆయన సహచరులు 1987లో లాన్సెట్ పత్రికలో ఇదే మాట రాశారు: క్యాన్సర్ కాని రొమ్ము సమస్యల్లో చాలావాటిని జబ్బులుగా కాక, మామూలు ఎదుగుదలలోనో, మామూలు ముడుచుకుపోవడంలోనో వచ్చిన చిన్న తేడాలుగా చూడాలని. ఈ ఆలోచనకు ఇంగ్లీషులో పెట్టిన పేరును పొట్టిగా ‘ఆండీ’ అంటారు. ఆ వ్యాసానికి ముందు ఈ నొప్పులూ గడ్డలూ అన్నిటినీ ‘ఫైబ్రోసిస్టిక్ డిసీజ్’ అనే ఒకే గంపలో వేసేవారు. ఇప్పటికీ మన ఊళ్లలో కొన్ని రిపోర్టుల మీద ఆ మాట కనిపిస్తుంది. చదివిన మనిషి తనకేదో పెద్ద జబ్బు ఉందనుకుని ఏళ్లకేళ్లు బెంగపడుతుంది.

ఏది తేడా, ఏది జబ్బు అని తేల్చడానికి మూడు మెట్లు. మొదటిది డాక్టరు చేత్తో పరీక్షించడం. రెండోది స్కానింగ్. నలభై లోపు వాళ్లకు సాధారణంగా అల్ట్రాసౌండ్, ఆపైన మామోగ్రామ్, అవసరాన్ని బట్టి రెండూ. చిన్న వయసులో రొమ్ము దట్టంగా ఉంటుంది కాబట్టి మామోగ్రామ్‌లో గడ్డ సరిగా కనపడదు. ఇరవై రెండేళ్ల అమ్మాయికి ముందే మామోగ్రామ్ రాస్తే ఎందుకని అడగొచ్చు. మూడోది, అవసరమైతే, సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపడం. ఈ మూడూ ఒకే మాట చెబితే తప్పు జరిగే అవకాశం నూటికి ఒకటి కూడా ఉండదు. ఒకటి ఇంకోలా చెబితే మళ్లీ మొదటికి రావాల్సిందే.

ఇక ఆ అంకె. ‘బై-రాడ్స్’ అమెరికన్ రేడియాలజీ కాలేజీ తయారుచేసిన కొలబద్ద. 1 అంటే ఏమీ లేదు. 2 అంటే ఉన్నది కచ్చితంగా మంచిదే. 3 అంటే మంచిదే అయ్యుండాలి, క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి రెండుకు మించదు, ఆర్నెల్లకు మళ్లీ చూద్దాం అని. 4, 5 వస్తే ముక్క పరీక్ష తప్పదు. 6 అంటే ముక్క పరీక్షలో ముందే తేలిన క్యాన్సర్. సున్నా అంటే బాగున్నట్టూ కాదు, బాగోలేనట్టూ కాదు, ఇంకో ఫిల్మ్ కావాలి అని మాత్రమే. ఇంత చిన్న సంగతిని రిపోర్టు వెనక తెలుగులో అచ్చేయడానికి స్కానింగ్ సెంటర్లకు ఏమడ్డం వస్తుందో తెలియదు.

సూదిపోటు దగ్గర ఒక పాత భయం అడ్డుపడుతుంది. “కత్తి తగిలితే పాకిపోతుంది, కదపకండి” అనే మాట వినని తెలుగు ఇల్లు ఉండదు. ముక్క పరీక్ష వల్ల మంచి గడ్డ క్యాన్సర్‌గా మారదు. ఉన్న క్యాన్సర్ దానివల్ల ఒంట్లోకి పాకి ప్రాణం మీదికి రాదు. పాకింది అనిపించిన చోట జరిగేది వేరు: పరీక్షకు ఒప్పుకునేసరికే జబ్బు ముదిరిపోయి ఉంటుంది. సన్న సూదితో కణాలను లాగే ఎఫ్‌ఎన్‌ఏసీ మన దగ్గర చవగ్గా దొరుకుతుంది. కానీ కొంచెం లావు సూదితో, మత్తిచ్చి ముక్క తీసే కోర్ బయాప్సీ ఎక్కువ సంగతులు చెబుతుంది. అనుమానం ఉన్నప్పుడు రెండోదే నయం.

జారిపోయే గడ్డ

పదిహేను నుంచి ముప్పై అయిదేళ్ల మధ్య అమ్మాయిల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఫైబ్రోఅడినోమా. నొప్పి ఉండదు. గట్టిగా, నున్నగా, వేలు పెడితే పక్కకు జారిపోయే గోలీలా ఉంటుంది. పాలగ్రంథీ, దాని చుట్టూ ఉండే కండా కలిసి అవసరానికి మించి పెరిగితే ఏర్పడుతుంది. ఈస్ట్రోజెన్ హార్మోను దానికి మేత. అందుకే గర్భంతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు పెరగొచ్చు. ముట్లుడిగాక ముడుచుకుని సున్నంలా గట్టిపడిపోతుంది. మామూలుగా రెండు మూడు సెంటీమీటర్లు దాటదు. అయిదు దాటితే పెద్ద ఫైబ్రోఅడినోమా అంటారు. కొందరిలో ఒకటికి మించి ఉంటాయి. మామూలు ఫైబ్రోఅడినోమా క్యాన్సర్‌గా మారిపోతుందన్న భయానికి ఆధారం లేదు.

తీసేయాలా? ఇక్కడే మన దగ్గర వైద్యం కంటే పెళ్లి ముందు నిలబడుతుంది. “సంబంధాలు చూస్తున్నాం డాక్టర్ గారూ, ఈ నెలలోనే తీసేయండి, మచ్చ మాత్రం కనపడకూడదు” అంటారు తల్లిదండ్రులు. దీనికి సరిగ్గా ఎదురు వాదన పక్కనే ఉంటుంది: “పెళ్లయితే అదే పోతుందిలే, ఓ బిడ్డ పుడితే కరిగిపోతుంది.” రెండూ ఆ పిల్లను అడక్కుండా అనే మాటలే. రెండోది తప్పు కూడా, ఎందుకంటే గర్భం వస్తే అది పెరిగే అవకాశమే ఎక్కువ. పరీక్షల్లో ఫైబ్రోఅడినోమా అని గట్టిగా తేలి, మూడు సెంటీమీటర్ల లోపు ఉండి, పెరగకుండా ఉంటే దాన్ని వదిలేయొచ్చు. ఆర్నెల్లకోసారి, తర్వాత ఏడాదికోసారి స్కాన్ చేసి, రెండేళ్లపాటు కొలత మారకపోతే ఆ వెంటాడటం కూడా మానేయొచ్చు. కొన్ని వాటంతటవే చిన్నవైపోతాయి. గబగబా పెరుగుతున్నా, మరీ పెద్దదైనా, ముక్క పరీక్షలో సందేహం మిగిలినా తీయించాలి. అది ఉందన్న ఆలోచనతో ఆ అమ్మాయి నిద్రపోలేకపోతున్నా తీయించొచ్చు, అదీ కారణమే. చనుమొన చుట్టూ ఉండే నల్లటి వలయం అంచున గాటు పెడితే మచ్చ కలిసిపోతుంది. సూదిలాంటి గొట్టంతో కొద్దికొద్దిగా లాగేసే పద్ధతి ఇప్పుడు పెద్ద ఊళ్లలో ఉంది.

‘గబగబా పెరుగుతున్నా’ అన్న మాట ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఫైబ్రోఅడినోమాలా మొదలై కొద్ది నెలల్లోనే రెండింతలయ్యే ఫిల్లోడ్స్ అనే గడ్డ ఉంది. జర్మనీకి చెందిన యోహానెస్ ముల్లర్ 1838లోనే దీన్ని వర్ణించాడు. చాలావరకు ఇదీ మంచిదే. కాకపోతే మామూలు గడ్డను ఒలిచినట్టు ఒలిచేస్తే అక్కడే మళ్లీ వస్తుంది, చుట్టూ కొంత మంచి కండతో సహా తీయాలి. అంటే కోయకముందే పేరు తెలియాలి. “చిన్న గడ్డే, ఓ అరగంట పని” అని పరీక్ష లేకుండా తీసేసిన చోట రెండో ఆపరేషన్ అవసరమయ్యేది ఇందుకే.

ముప్పై అయిదు, యాభై మధ్య ఉన్నట్టుండి పుట్టే గడ్డ చాలాసార్లు నీటితిత్తి. రాత్రి లేనిది పొద్దున కనపడిందంటారు, అది నిజమే కావచ్చు. అల్ట్రాసౌండ్‌లో వెంటనే తెలిసిపోతుంది. నొప్పి లేకపోతే ఏమీ చేయక్కర్లేదు. ఉంటే సూదితో నీళ్లు లాగేస్తారు, గడ్డ అక్కడికక్కడే మాయమవుతుంది. లాగిన నీళ్లలో రక్తం ఉన్నా, లాగాక కూడా గట్టిగా ఏదైనా మిగిలినా ఊరుకోకూడదు.

నెలకోసారి వచ్చే సలుపు

నొప్పి గురించి ఎంత చెప్పినా తక్కువే, ఎందుకంటే చెప్పుకునేవాళ్లే తక్కువ. ఆడవాళ్లలో సగానికి పైగా ఎప్పుడో ఒకప్పుడు రొమ్ము నొప్పి పడ్డవాళ్లే. నెలసరికి వారం పది రోజుల ముందు రెండు రొమ్ములూ బరువెక్కి, పైభాగంలో చంక వైపు సలుపు పెట్టి, ముట్టయ్యాక తగ్గిపోతే అది హార్మోన్ల నొప్పి. ఇంట్లో గిన్నె తోముతుంటే మోచెయ్యి తగిలినా ప్రాణం పోయినట్టుంటుంది, బస్సులో నిలబడితే నరకం. “అందరికీ ఉండేదేగా” అన్న మాటతో దాన్ని కొట్టిపారేయడం అలవాటైపోయింది. గడ్డ లేకుండా ఒట్టి నొప్పి మాత్రమే క్యాన్సర్ లక్షణం అవడం చాలా అరుదు. ఆ ఒక్క మాట పరీక్ష చేసి, నమ్మకంగా చెబితే సగానికి సగం మందికి నొప్పి భరించగలిగేదైపోతుందని ఈ రంగంలో పనిచేసేవాళ్లు చెబుతారు. మందు రాసే ముందు ఒక పని చేయొచ్చు. క్యాలెండరు మీద నొప్పి ఉన్న రోజు ఒక గుర్తు, ముట్టయిన రోజు ఇంకో గుర్తు, రెండు మూడు నెలలు. ఆ క్యాలెండరు చూపిస్తే సగం జవాబు దొరికిపోతుంది.

ఒక్క చోటే, నెలసరితో సంబంధం లేకుండా పొడుస్తుంటే రొమ్ము కింద పక్కటెముకలను అనుమానించాలి. పక్కకు తిరిగి పడుకుంటే రొమ్ము ఒకవైపు జారుతుంది. అప్పుడు ఎముక మీద వేలితో నొక్కితే “అబ్బా, అక్కడే” అంటే, నొప్పి రొమ్ముది కాదు, ఎముకా మృదులాస్థీ కలిసే చోటిది. బిందెలు మోసేవాళ్లలో, నెలల బిడ్డను చంకనేసుకుని తిరిగేవాళ్లలో దీని గురించి ముందు అడగాలి. వైద్యం మామూలు నొప్పి మాత్రలే.

హార్మోన్ల నొప్పికి మొదటి మందు షాపులో కాదు, బట్టల కొట్టులో ఉంది. సరైన కొలత బ్రా. కాలేజీలో చేరినప్పటి కొలతే ఇద్దరు పిల్లల తర్వాతా కొనేవాళ్లు, కొట్లో మగ సేల్స్‌మన్ ఉంటే చూపుడువేలితో చూపించి పొట్లం కట్టించుకుని వచ్చేసేవాళ్లు మన దగ్గర కొల్లలు. నొప్పి రోజుల్లో బిగువుగా పట్టి ఉంచే స్పోర్ట్స్ బ్రా, రాత్రిపూట కూడా మెత్తటిది వేసుకుంటే తేడా తెలుస్తుంది. తర్వాత డైక్లోఫెనాక్ జెల్ పైపూత.

మన ప్రిస్క్రిప్షన్లలో విరివిగా కనిపించే ప్రిమ్‌రోజ్ నూనె గొట్టాల మాటేమిటి? ఉత్తుత్తి మాత్ర కంటే అది మెరుగన్న రుజువు లేదని, రొమ్ము నొప్పి మందుగా దానికున్న లైసెన్సును బ్రిటన్ 2002లోనే వెనక్కి తీసుకుంది. మన దగ్గర ఇంకా మూడు నెలల కోర్సు రాస్తూనే ఉన్నారు. హాని పెద్దగా లేదు, పర్సుకు తప్ప.

నిజంగా పనిచేసే మందుల్లో ఒకటి మన దేశానిదే. లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ తయారుచేసిన సెంట్‌క్రోమన్. 1991లో ‘సహేలి’ పేరుతో వారానికోసారి వేసుకునే గర్భనిరోధక మాత్రగా వచ్చింది. 2016 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ‘ఛాయ’ పేరుతో ఉచితంగా ఇస్తున్నారు. ఇందులో స్టెరాయిడ్ హార్మోన్లు లేవు. రొమ్ము మీద ఈస్ట్రోజెన్ పనిని అడ్డుకుంటుంది కాబట్టి ఢిల్లీ ఎయిమ్స్ సర్జన్లు దీన్ని రొమ్ము నొప్పికీ, ఫైబ్రోఅడినోమాకీ వాడి చూసి 2007లో ఫలితాలు ప్రచురించారు. నొప్పి మీద బాగా, గడ్డల మీద కొంత పనిచేసింది. ముట్టు ఆలస్యమవడం దీని గుణం. అది ముందే చెప్పకపోతే ఇంట్లో వేరే కంగారు మొదలవుతుంది. అండాశయంలో తిత్తులున్నవాళ్లు, కామెర్లు వచ్చి తగ్గినవాళ్లు, గర్భం కోసం చూస్తున్నవాళ్లు వాడకూడదు. కాబట్టి పక్కింటి ఆవిడ స్ట్రిప్పులోంచి ఒకటి అడిగి వేసుకునేది కాదు. టామాక్సిఫెన్, డానజాల్ లాంటివి ఏ మందుకూ లొంగని నొప్పికి చివరి మెట్టు. వాటి దుష్ఫలితాలు పెద్దవి.

బాలింత గదిలో

కాన్పయిన మూడో రోజుకో నాలుగో రోజుకో పాలు పొంగి రొమ్ములు రాళ్లవుతాయి. దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ తిప్పేస్తారు. తిప్పితే పోయేదేమీ లేదు. బిడ్డను సరిగా పట్టించి తరచుగా పాలివ్వడం మాత్రం ఆపకూడదు. ఎక్కడో ఒక పాలనాళం మూసుకుని, అక్కడ ఎర్రబడి, చలిజ్వరం వస్తే అది వాపు. చాలామంది వెంటనే చేసేవి రెండు తప్పులు: ఆ వైపు పాలు మాన్పించడం, గడ్డ మీద గట్టిగా మర్దన చేయించడం. ఆ పాలు బిడ్డకు హాని చేయవు. మానేస్తే పాలు నిలిచి చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. మర్దన గురించి వైద్యుల సలహాయే ఈమధ్య మారింది. వేడి కాపడం పెట్టి, పిసికి, చివరి చుక్క దాకా ఖాళీ చేయమని పాత పాఠం. తల్లిపాల వైద్యానికి చెందిన అంతర్జాతీయ అకాడమీ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు దాన్ని తలకిందులు చేశాయి. గట్టిగా పిసికితే లోపలి కణజాలం ఇంకా వాచిపోతుంది. మితిమీరి పిండితే పాలు ఇంకా ఎక్కువ ఊరతాయి. బిడ్డకు కావలసినంత ఇవ్వాలి, చల్లటి పట్టు వేయాలి, ఐబుప్రొఫెన్ లాంటి మాత్ర వేసుకోవాలి. ఒకటి రెండు రోజుల్లో తగ్గకపోతే యాంటీబయాటిక్.

చీము పడితే? ఇప్పటికీ ఊళ్లో ఆర్‌ఎంపీ బ్లేడుతో గాటు పెట్టి, గుడ్డ పేలిక కుక్కి పంపడం వింటుంటాం. ఆ పుండు వారాల తరబడి మానదు, తల్లి ఆ బాధకు పాలు మాన్పించేస్తుంది. చర్మం పలచబడి చితకడానికి సిద్ధంగా ఉంటే తప్ప గాటు అక్కర్లేదు. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూదితో చీము లాగేస్తారు, అవసరమైతే రెండు మూడు రోజులకోసారి మళ్లీ.

అమ్మమ్మల వైద్యమంతా కొట్టిపారేయాల్సింది కూడా కాదు. బిడ్డ దక్కనప్పుడు, పాలు ఇంకిపోవాలనుకున్నప్పుడు రొమ్ముల మీద మల్లెపూలు కట్టడం దక్షిణాదిలో పాత ఆచారం. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు దీన్ని పరీక్షకు పెట్టి, 1988లో ప్రచురించారు. కొందరికి మల్లెపూలు, కొందరికి బ్రోమోక్రిప్టిన్ మాత్రలు. పాల హార్మోన్ ప్రొలాక్టిన్‌ను మాత్రలే ఎక్కువ తగ్గించాయి. కానీ రొమ్ముల బిగువూ, పాలూ తగ్గడంలో పూలు మాత్రలకు తీసిపోలేదు. అందుకే పాలివ్వాలనుకునే తల్లికి చల్లగా ఉంటుందని మల్లెపూలు కట్టకూడదు.

టీబీయా, కాదా

కాన్పయి రెండు మూడేళ్లయిన ముప్పై ఏళ్ల ఆవిడ. రొమ్ములో గట్టి గడ్డ, పైన ఎరుపు, చీము. గాటు పెట్టారు, మళ్లీ వచ్చింది. మళ్లీ గాటు, పక్కన ఇంకో రంధ్రం. ఈ వైద్యంలో అన్నిటికన్నా చిక్కు ముడి ఇదే. ముక్క పరీక్షలో ‘గ్రాన్యులోమా’ అని వస్తుంది. అంటే ఒంటి రక్షణ కణాలు ఒకచోట ముద్దకట్టాయని. అది టీబీ కావచ్చు. రొమ్ముకు టీబీ రావడం కొత్త కాదు, లండన్ సర్జన్ ఆస్ట్లీ కూపర్ 1829లోనే రాశాడు. మనది టీబీ ఎక్కువగా ఉన్న దేశం కాబట్టి చాలామంది డాక్టర్లు ముందు దానివైపే మొగ్గుతారు. కానీ అదే రూపంలో, అదే వయసులో, ఏ క్రిమీ స్పష్టంగా దొరకని వాపు ఇంకొకటి ఉంది: గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్. దీన్ని 1972లో వేరే జబ్బుగా గుర్తించారు.

పేరు తేల్చడం ఎంత ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది. టీబీ అయితే ఆరు నెలల మందులు, ప్రభుత్వ టీబీ కేంద్రాల్లో ఉచితం, నయమైపోతుంది. రెండోదైతే టీబీ మందులు ఎన్నాళ్లు మింగినా పనిచేయవు. స్టెరాయిడ్లు, కొందరికి మెథోట్రెక్సేట్ ఇస్తారు. తక్కువగా ఉన్నవాళ్లను ఓపిగ్గా కనిపెట్టి ఉంటే నెలల మీద దానంతటదే చల్లారుతుంది. తారుమారైతే ఇంకా కష్టం: టీబీ ఉన్న మనిషికి స్టెరాయిడ్ ఇస్తే జబ్బు విజృంభిస్తుంది. కాబట్టి తీసిన ముక్కలో కొంత ఫార్మలిన్‌లో వేయకుండా, టీబీ క్రిమిని పట్టే సీబీనాట్ పరీక్షకీ, కల్చర్‌కీ పంపమని అడగాలి. ఫార్మలిన్‌లో పడ్డాక కల్చర్‌కు పనికిరాదు. ఎన్ని గాట్లు పెట్టినా మానని గడ్డకు ఇంకో గాటు జవాబు కాదు.

మొన నుంచి ఏదైనా కారితే

రెండు వైపులా, నొక్కితేనే, చాలా రంధ్రాల నుంచి పచ్చగానో బూడిద రంగులోనో వస్తే నాళాలు వయసుతో వెడల్పయ్యాయని అర్థం. నొక్కి చూసుకోవడం మానేస్తే చాలావరకు ఆగిపోతుంది. ఒకవైపే, ఒకే రంధ్రం నుంచి, తనంతట తానే, రక్తంగానో నీళ్లలాగానో వచ్చి జాకెట్టు మీద మరక పడితే తప్పకుండా చూపించుకోవాలి. అప్పుడు కూడా ఎక్కువగా దొరికేది నాళంలో మొలకెత్తిన పాపిలోమా అనే చిన్న పొక్కే. అయినా తీసి పరీక్షించాలి.

బిడ్డ లేకుండా పాలు వస్తే ఇంట్లో లేనిపోని అనుమానాలు పుడతాయి. ముందు థైరాయిడ్, ప్రొలాక్టిన్ రక్తపరీక్షలు చేయించాలి, ఆపైన మాత్రల డబ్బా వెతకాలి. మన ఇళ్లలో ‘గ్యాస్ మాత్ర’ అని పొద్దున్నే వేసుకునే వాటిలో పాంటాప్రజోల్‌తో కలిసి డోంపెరిడోన్, రాబెప్రజోల్‌తో కలిసి లెవోసల్పిరైడ్ ఉంటాయి. రెండూ ప్రొలాక్టిన్‌ను పెంచేవే. ఏళ్ల తరబడి చీటీ లేకుండా కొనే ఆ మాత్ర మానేస్తే పాలు ఆగిపోవడం డాక్టర్లకు కొత్త కాదు.

పసిగుడ్డు, ఆడపిల్ల, మగవాడు

పుట్టిన బిడ్డకు, ఆడైనా మగైనా, రొమ్ములు ఉబ్బి ఒకటి రెండు చుక్కలు పాలు రావచ్చు. తల్లి హార్మోన్ల ప్రభావం అది, వారాల్లో పోతుంది. నీళ్లు పోసే ముసలమ్మలు “పిండకపోతే గట్టిపడిపోతాయి” అని పిండుతారు. పిండితేనే చీము పడుతుంది. ఆడపిల్ల అయితే ఎదగాల్సిన మొగ్గే దెబ్బతింటుంది. తొమ్మిది పదేళ్ల పిల్లకు ఒకవైపే చనుమొన కింద బిళ్లలా తగిలితే అదీ మొగ్గే, రెండోవైపు కొద్ది నెలల్లో వస్తుంది. దాన్ని గడ్డ అనుకుని కోస్తే ఆ వైపు రొమ్ము ఇక పెరగదు. మగపిల్లలకు పదమూడు పద్నాలుగేళ్లకు వచ్చే ఉబ్బు రెండు మూడేళ్లలో చాలామందికి పోతుంది. ఆ రెండు మూడేళ్లు క్లాసులో వాడు పడే అవమానాన్ని మాత్రం తండ్రులు పట్టించుకోవాలి. పెద్దవాళ్లలో స్పైరనోలాక్టోన్, ఫినాస్టెరైడ్ లాంటి మందులు, జిమ్ముల్లో దొరికే స్టెరాయిడ్లు, తాగుడుతో చెడిన కాలేయం కారణాలు. ఒకవైపే గట్టి గడ్డ ఉంటే మగవాడైనా ముక్క పరీక్ష చేయించాలి. రొమ్ము క్యాన్సర్ మగవాళ్లకూ అరుదుగా వస్తుంది.

ఆగకూడనివి, అడగాల్సినవి

ముట్లుడిగాక కొత్తగా పుట్టిన గడ్డ ఏదైనా సరే. చర్మం లోపలికి గుంట పడటం, నారింజ తొక్కలా మారడం, చనుమొన ఈమధ్యే లోపలికి పోవడం, మొన మీద గజ్జిలాంటిది వారాలకీ తగ్గకపోవడం, చంకలో బిళ్ల. యాంటీబయాటిక్ వాడినా రెండు వారాల్లో తగ్గని ఎర్రటి వాపు, అది బాలింతకైనా సరే, ఎందుకంటే వాపు రూపంలో వచ్చే క్యాన్సర్ ఒకటుంది. వీటిలో ఏది ఉన్నా పసుపు పట్టుతో రోజులు గడపకూడదు. ఇంకో మాట. ‘క్యాన్సర్ కాదు’ అని వచ్చిన రిపోర్టులోనే ‘ఎటిపికల్ హైపర్‌ప్లాసియా’ అని ఉంటే దాన్ని బీరువాలో పెట్టేయకూడదు. అది ఉన్నవాళ్లకు మున్ముందు క్యాన్సర్ వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే సుమారు నాలుగింతలు, ఏటా పరీక్ష కావాలి.

నెలనెలా అద్దం ముందు నిలబడి నియమంగా రొమ్ము పరీక్ష చేసుకోవాలన్న సలహా పాతబడింది. షాంఘైలో సుమారు 2.66 లక్షల మంది మిల్లు కార్మిక స్త్రీల మీద జరిగిన పెద్ద అధ్యయనం 2002లో ముగిసింది. చేసుకున్నవాళ్లలో మరణాలు తగ్గలేదు. మంచి గడ్డలు మాత్రం ఎక్కువ దొరికాయి, ఎక్కువ సూదులు పడ్డాయి. తన రొమ్ము మామూలుగా ఎలా ఉంటుందో స్నానంలో తెలుసుకుని ఉండటం, మారితే చూపించుకోవడం చాలు. శిక్షణ ఉన్న చేతి సంగతి వేరు. ముంబై టాటా మెమోరియల్ వాళ్లు మురికివాడల్లోని లక్షన్నర మంది ఆడవాళ్లను ఇరవై ఏళ్లపాటు గమనించారు. రెండేళ్లకోసారి మహిళా ఆరోగ్య కార్యకర్తలు చేత్తో పరీక్షించగా, యాభై దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయని 2021లో వెల్లడించారు. ముప్పై దాటినవాళ్లకు అయిదేళ్లకోసారి ఇలాంటి పరీక్ష చేయాలని క్యాన్సర్‌ను ముందే పట్టుకునే జాతీయ కార్యక్రమం చెబుతోంది. ఊళ్లోని ఆరోగ్య ఉపకేంద్రంలో ఏఎన్‌ఎమ్మే చేయాలి. చాలామందికి ఆ సంగతి తెలియదు, అడగరు, అడగకపోతే అక్కడా రిజిస్టరులో టిక్కు పడిపోతుంది.

గడ్డ కనపడగానే మన ఆడవాళ్లు వెళ్లేది గైనకాలజిస్టు దగ్గరకు. తప్పు లేదు, కానీ రొమ్ము వైద్యం జనరల్ సర్జన్ పని. ఆ సర్జన్ చాలా ఊళ్లలో మగవాడే, నెలలు వాయిదా పడటానికి అదే కారణం. మగ డాక్టరు ఆడమనిషిని పరీక్షించేటప్పుడు గదిలో మరో ఆడమనిషి ఉండి తీరాలని కేంద్ర ఆరోగ్యశాఖ రాష్ట్రాలకు పంపిన రోగుల హక్కుల పత్రంలో ఉంది. ఆ ఏర్పాటు చూసే బాధ్యత ఆసుపత్రిది. వాళ్లు చూడకపోతే వెంట వచ్చిన వదిననో అక్కనో లోపలికి రమ్మనవచ్చు.